డీజిల్‌కు మడవ తీసిన అల్లుడు

తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందంటారు. నేను చెడకుండానే, శుభ్రంగా తలదువ్వుకుని మరీ, మా మామ చీనీతోట ఎండబెట్టబోయాను. ఆ ఘనకార్యం చెబుతాను, వినండి.

మా మామది పులివెందుల దగ్గర పల్లె. బత్తాయి తోట, తొలికాపు పిందె మీద ఉంది. ఎండలు మండిపోతున్నాయి. రెండు రోజులు తడి తప్పితే పిందె మొత్తం రాలిపోతుంది. బావి మీద ఊళ్లోకల్లా మొదటి డీజిల్ ఇంజన్. దాన్ని నాకప్పగించాడు మామ. ఎందుకంటే కొత్తల్లుణ్ణి, పైగా ఇంటర్మీడియట్ తప్పినవాణ్ణి. తప్పడానికైనా అంతదాకా చదవాలి కదండీ.

నాకు నీళ్లు ఇంకాస్త జోరుగా పారించాలనిపించింది. కాలవ గట్టు తెగ్గొట్టి చేలోకి నీళ్లు వదిలే మడవ వెడల్పు చేస్తే నీళ్లు ఎక్కువ పారతాయి. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ చూస్తే, దాని బెజ్జాలు చీమ కూడా దూరనంత సన్నం. లోపమంతా ఇక్కడే ఉందని తేల్చేసి, నాజిల్ విప్పి, పులివెందులలో బంగారు పని చేసే ఆచారి ముందు పెట్టాను.

"ఈ బెజ్జాలు పెద్దవి చెయ్యాల ఆచారీ."

"ఏందప్పా ఇది, ముక్కుపుడకా?"

"ఇంజన్ ముక్కుపుడకే అనుకో."

"మీ మామకు చెప్పినావా?"

"ఆయనకేం తెలుస్తాది?"

ఆచారి నిట్టూర్చి బెజ్జాలు తొలిచే బరమా పట్టాడు.

తెచ్చి బిగించి ఇంజన్ తిప్పాను. డబడబమని నాలుగు సార్లు కొట్టుకుని, నల్లటి పొగ కక్కి ఆగిపోయింది. నా పంచె, నా మొహం, పక్కనే ఉన్న మామ నెరిసిన మీసం, అన్నీ ఒకే రంగు. ఎంత తిప్పినా మళ్లీ లేవలేదు. తోట వైపు చూస్తే నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

ప్రొద్దుటూరు నుంచి మేస్త్రీ వచ్చి నాజిల్ విప్పి చూశాడు.

"ఎవురప్పా ఈ పని చేసింది?"

"అరిగిపోయిందేమో," అన్నాను.

మేస్త్రీ చెంబు తీసుకుని నోటినిండా నీళ్లు పట్టి, ఇస్త్రీ చేసేవాళ్లలాగా నా చొక్కా మీద ఫుర్రుమని ఊదాడు. చొక్కా అంతా సన్నగా చెమ్మగిల్లింది. చెంబులో మిగిలిన నీళ్లు నా నెత్తిన గుమ్మరించాడు.

"మొదట ఊదినానే, డీజిల్ ఆ మాదిరి పడాల. పిస్టన్ నెత్తిన గిన్నె మాదిరి గుంటుంటాది. ఆడ గాలి సుడి తిరుగుతా ఆ తుంపరను కలుపుకుంటాది, అప్పుడు మండుతాది. నువ్వు ధార వదిల్నావు. అది గుంట గోడకు కొట్టుకుని కారిపోయింది. ఇంగ మండేది యాడ?"

"కొత్తది ఎప్పుడొస్తాది?" అన్నాడు మామ.

"మూడు దినాలు."

మామ కొట్టంలో మూలపడేసిన, ఇంజన్ రాకముందు ఎద్దులతో నీళ్లు తోడిన కపిల తోలుతిత్తి దులిపి బావికి కట్టి, ఎద్దుల పగ్గాలు నా చేతిలో పెట్టాడు. మూడు రోజులు బావి గట్టున వాటితో పాటు ముందుకూ వెనక్కూ నడిచాను. మధ్యాహ్నం కాగానే ఎద్దుల్ని మార్చారు, నన్ను మార్చలేదు. అయినా తోట నిలబడింది. పిందె పిందెలాగే ఉంది.

నాలుగో రోజు కొత్త నాజిల్‌తో ఇంజన్ హాయిగా తిరిగింది. చూడవచ్చిన ఊరివాళ్లతో మామ మీసం దువ్వుకుంటూ అన్నాడు:

"మా అల్లుడు శానా చదువుకున్నోడు. ఇంజన్ పెట్టుకోని గూడా కపిల తోలి తోట బతికించినాడు."

ఈ జన్మలో బెజ్జమన్నది కంటబడితే, సూదిలో దారం ఎక్కించడానికైనా సరే, మా ఆవిణ్ణే పిలుస్తానని ఆ గట్టు మీదే ప్రమాణం చేశాను.