ఏది ముందైతే అది

అచ్చులో ఉన్నదంతా నిజం కాదని అందరికంటే బాగా తెలియాల్సినవాడు ప్రూఫులు దిద్దేవాడు. మా ఇంటాయన ఒక ప్రెస్సులో జీవితమంతా ప్రూఫులే దిద్దాడు. గోడమీద పోస్టరైనా, మందుసీసా మీద చీటీ అయినా, ఆయన కన్ను ముందు తప్పు మీదే వాలేది. అలాంటి మనిషి ఒకే ఒక్క పుస్తకాన్ని మాత్రం కళ్ళు మూసుకుని నమ్మాడు. అది ఒక పాత స్పోర్ట్స్ కారుకు దాని కంపెనీవాళ్ళు వేసిన రిపేరు మాన్యువల్.

ఇంటాయన అంటే ఇంటి యజమాని. కాలు ఒకచోట నిలవని నాబోటివాడికి ఆ ఊళ్ళో ఆయన మేడగదే మజిలీ.

కారు మొదట ప్రెస్సు యజమానిది. రెండే సీట్లు, మడిచే టాపు, దాదాపు నేలమీద చతికిలబడ్డట్టు కూర్చోవాల్సిన రకం. మూలపడి తుప్పు పడుతుంటే, "నీకు పుస్తకాలంటే ఇష్టం కదా, దీంతోపాటు ఒకటి వస్తుంది, పట్టుకుపో" అని ఇచ్చేశాడట. అప్పుడు ఇంటావిడ ఒక్కటే కోరింది. టాపు దించి, ఘాటు రోడ్డు మీదుగా, సరస్సు ఒడ్డున ఉన్న తన చెల్లెలింటికి అందులో తీసుకెళ్ళమంది. పగలంతా బట్టల దుకాణంలో కౌంటరు వెనక నిలబడి పనిచేసే మనిషి. కూర్చుని ఎక్కడికైనా పోవడమే ఆవిడకు పెద్ద భోగం. ఆయన సరేనన్నాడు. పుస్తకం ప్రకారం అంతా ఒకసారి సరిచూసుకుని బయల్దేరదామన్నాడు.

నేనూ ఆ పుస్తకం తిరగేశాను. వంటల పుస్తకాలు, వ్యాకరణాలు, పడవలు కట్టే శాస్త్రాలు ఎన్నో చదివాను గానీ అంత నిక్కచ్చి గొంతు ఎక్కడా వినలేదు. విప్పు, తుడువు, చూడు, అరిగితే పారెయ్యి. కోడలికి పనులు పురమాయించే అత్తగారు నయం, మధ్యలో ఊపిరైనా పీల్చుకుంటుంది. అందులో ప్రతి పనికీ ఒక గడువు. ఇన్ని మైళ్ళు తిరిగాక, లేదా ఇన్ని నెలలు గడిచాక, ఏది ముందైతే అది.

కొంప ముంచింది ఈ చివరి మాటే. తిరగని కారుకు మైళ్ళు ఎక్కడివి? నెలలు మాత్రం ఎవరికోసమూ ఆగవు. ఇంజనూ గేరుబాక్సూ ముగించి ఆయన బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి ఇంజన్ ఆయిలుకు గడువు తీరిపోయేది. ఒక్క మైలైనా చూడని, తేనెలా మెరిసే ఆయిలును దించేసి కొత్తది పోసేవాడు. బ్రేకు ఆయిలు గాలిలో తేమ పీల్చుకుంటుందని అదీ మార్చేవాడు. ఈలోగా వాడకంలేని రబ్బరు గొట్టాలు బీటలు వారేవి. మళ్ళీ మొదటి అధ్యాయం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. ఈయన అడుసు తొక్కకుండానే కాళ్ళు కడుగుతూ కూర్చున్నాడు.

ఆవిడ తమ్ముడు టాక్సీ నడుపుతాడు. వచ్చినప్పుడల్లా షెడ్డు గుమ్మంలో నిలబడి బావను ఆటపట్టించేవాడు. పెళ్ళికి ఇలాంటి పుస్తకం లేదు కాబట్టి సరిపోయింది, ఉండుంటే మా అక్క ఇంకా పుట్టింట్లోనే ఉండేదనేవాడు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఒకసారి మాత్రం చేతిలో పానా కింద పెట్టాడు.

"అచ్చుతప్పు దొర్లితే తర్వాత సవరణ చీటీ అంటించొచ్చురా. ఘాటులో బ్రేకు పోతే మీ అక్కని ఏం పెట్టి అంటించను?"

ఆ భయం ఉత్తది కాదు, ఆవిడ మీద ఉన్న ప్రేమలోంచి వచ్చింది. అందుకే దాన్ని ఎవరూ కదిలించలేకపోయారు.

మొదట్లో ఆవిడ ప్రతి ఆదివారం అడిగేది. తర్వాత చెల్లెలు ఫోను చేసిన రోజున మాత్రమే అడిగేది. కొన్నేళ్ళ తిరుగుడు తర్వాత నేను మళ్ళీ ఆ మేడ ఎక్కేసరికి అడగడమే మానేసింది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో కాలే దించుతోంది. ఏళ్ళ తరబడి నిలబడ్డ కాళ్ళు మరి. మోకాళ్ళు అరిగాయని డాక్టరు అన్నాడట. ఇంటాయనకూ ఆ సంగతి తెలుసు. మందులు తెచ్చేవాడు, తైలం రాసేవాడు. కారుతో కలిపి మాత్రం ఆలోచించలేదు.

ఈలోగా ప్రెస్సు మూతపడింది. పగలంతా ఖాళీ కావడంతో పని చకచకా సాగి, చివరికి ఏ గడువూ మీరకముందే పుస్తకం ఆఖరి పేజీ దాకా పూర్తయింది. మర్నాడు పొద్దున టాపు దించిన కారు గేటు ముందు నిలబడి సన్నగా గురగురలాడుతోంది. సాగనంపడానికి బావమరిది టాక్సీ వేసుకుని వచ్చాడు. నేను మేడ దిగి వచ్చాను. ఆవిడ తలదువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. అలాంటి నవ్వు ఆ ముఖంలో నేను అంతకుముందు చూడలేదు.

ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో ముందద్దం చట్రం పట్టుకుని ఒక కాలు లోపల పెట్టింది. మోకాలు వంగలేదు. సగం వంగి అక్కడే ఆగిపోయింది. వెనక్కి తిరిగి, కాళ్ళు బయటే ఉంచి ముందు కూర్చోబోయింది. సీటు ఎక్కడో పాతాళంలో ఉంది. తమ్ముడు ఎత్తి కూర్చోబెడతానని ముందుకొచ్చాడు.

"నేనేమన్నా మూటనా, ఎత్తి పడెయ్యడానికి?" అంది.

ఇంటాయన చుట్టూ తిరిగి వచ్చి సీటు వైపు చూశాడు.

"కింద చెక్క వేసి ఎత్తు చేస్తాను. ఒక్క వారం ఆగు."

"ఆగాను కదండీ," అంది ఆవిడ. ఆ గొంతులో కోపం కూడా లేదు. "తలుపు వేసెయ్యండి, లోపలికి దుమ్ము పోతుంది."

తమ్ముడు టాక్సీ వెనక తలుపు తెరిచాడు. ఆవిడ ఎక్కి, సర్దుకుని కూర్చుంది. టాక్సీ ఘాటు వైపు మలుపు తిరిగింది. ఇంటాయన కారు తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఆవిడ చెల్లెలింట్లో చాలాకాలం ఉండిపోయింది. రోజూ ఫోను చేసేది. వేళకు భోంచేశారా, తలుపులు వేసి పడుకుంటున్నారా అని అడిగేది. ఆయన చెక్క వేశాననీ, సీటు ఇప్పుడు ఎత్తుగా ఉందనీ చెప్పబోతే, ఇక్కడ వాన పడుతోందని చెప్పి పెట్టేసేది.