ఎర్రమట్టి మీద నోరు మూసుకునే మిషన్

నీళ్ళ ఆఫీసులో ఆయన్ని అందరూ పటం బాబాయ్ అంటారు. ఊరి నేల కింద ఏ గొట్టం ఎటు పోతుందో చూపించే అసలు పటాన్ని ఏనాడో చెదలు తినేశాయి. వాటికి అందకుండా మిగిలింది ఈయన తలకాయ ఒక్కటే. రోడ్డు మీద రోడ్డు వేస్తూ వాల్వుల మూతల్ని తారు కింద పూడ్చేస్తుంటారు కదా, ఎక్కడ గొట్టం పగిలినా ఈయన వెళ్ళి, ఏదో గోడ నుంచి నాలుగడుగులు కొలిచి, మడమతో నేల తొక్కి ఇక్కడ తవ్వండనేవాడు. తవ్వితే మూత ఉండేది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆఫీసుకు ఈయన తలలో నాలుక. ఆ ముప్పై ఒక్క ఏళ్ళలో వినయంగా ఉన్న రోజు ఒక్కటీ లేదని ఇంటావిడ అంటుంది. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు.

ఇంకో నాలుగు నెలల్లో రిటైర్మెంటు అనగా బేకరీ వీధిలో గొట్టం పగిలింది. బాబాయ్ మడమతో తొక్కిన చోట తవ్వితే మూత లేదు. రెండో గుంతలోనూ లేదు. మూడోదాంట్లో దొరికేసరికి నాలుగిళ్ళలోకి నీళ్ళు వెళ్ళిపోయాయి. రోడ్డు వేసినవాళ్ళు వాల్వును జరిపేశారని బాబాయ్ గొంతు పెంచి చెప్పాడు. అందరూ నమ్మారు. నమ్మనిది ఆయన ఒక్కడే. గోడ నుంచి నాలుగడుగులా, పద్నాలుగా అన్నది ఆ పూట ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఆ సంగతి ఇంటావిడకు కూడా చెప్పలేదు.

ఇదేమీ తెలియని ఇంజినీరమ్మ, బాబాయ్ వెళ్ళిపోతే మన గతేమిటని ఒక మెటల్ డిటెక్టర్ కొందామంది. బీరువాలో ఒకటి ఉందిగా అన్నారెవరో. ఉంది. పాత ఇంజినీరు దాన్ని ఆఫీసు గచ్చు మీద ఆడించి చూసి మురిసిపోయి కొన్నాడు. గచ్చు మీద అది పులే. వీధిలోకి తీసుకెళ్తే మాత్రం పెట్టినచోటల్లా మోత. ఈ ఊరిది ఎర్ర కంకర మట్టి, ఇనుము పాలు ఎక్కువ. ఒక అయస్కాంతం ముక్కను అందులో దొర్లిస్తే దానికి గడ్డం మొలుస్తుంది. అలాంటి నేల మీద మామూలు మిషన్‌కు మట్టికీ మూతకూ తేడా తెలియదు.

అందుకని ఈసారి ఎంపిక బాబాయ్‌కే వదిలారు. ఆయన ముందే షరతు పెట్టాడు. కొట్లో చూసేది లేదు, మన మట్టి మీదే చూడాలి. "ఉన్నచోట కూయడం గొప్ప కాదమ్మా. లేనిచోట నోరు మూసుకునేది కావాలి మనకి" అన్నాడు. ఇంజినీరమ్మకు ఆ మాట నచ్చి పుస్తకంలో రాసుకుంది.

కంపెనీ మనిషి రెండు మిషన్లు పట్టుకుని టైలర్ కొట్టు ఉన్న వీధికి వచ్చాడు. ఒకటి బరువు, బొమ్మలు చూపించే తెర లేదు, వట్టి శబ్దమే. అది నేలలోకి ఒక్కసారి తట్టి, ఆగి, జవాబు కోసం వింటుందట. మట్టి ఇచ్చే జవాబు వెంటనే చచ్చిపోతుంది, మూత ఇచ్చేది కాసేపు నిలుస్తుంది. నిలిచినదాన్నే అది లెక్కలోకి తీసుకుంటుంది. కింద ఉన్నది ఏ లోహమో మాత్రం చెప్పలేదు. మనకు కావలసింది ఇనప మూతలే కాబట్టి అదేమీ లోటు కాదని బాబాయ్ ఒప్పుకున్నాడు. రెండోది తేలిక, తెర మీద రంగురంగుల బొమ్మలు, ధర కూడా ఎక్కువ. అడుగున పళ్ళెంలా ఉన్నదాన్ని నేల మీద నాలుగుసార్లు పైకీ కిందికీ ఆడిస్తే, ఆ మట్టికి అదే అలవాటు పడుతుందని చెప్పాడు.

బాబాయ్ కరెంటు స్తంభం నుంచి అడుగులు కొలిచి మడమతో తొక్కాడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ముందు బరువుదాన్ని అక్కడ తిప్పాడు. చప్పుడు లేదు. మళ్ళీ తిప్పాడు, లేదు. ఆరడుగుల అవతల టైలర్ మెట్ల పక్కన మాత్రం ఒక్కసారి నిండుగా మోగింది. ముప్పై ఏళ్ళుగా టైలర్ గుప్పెళ్ళకొద్దీ పారబోసిన సూదులై ఉంటాయని, ఈ మిషన్‌కు చెవుడని బాబాయ్ తేల్చేశాడు. తన సూదులన్నీ లెక్క ప్రకారం డబ్బాలోనే ఉన్నాయని టైలర్ లోపల్నుంచి గొణిగాడు.

రెండోదాన్ని చెప్పినట్టే నాలుగుసార్లు ఆడించి, తొక్కినచోట పెట్టగానే మోగింది. బాబాయ్ మొహం విప్పారింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషికి, అవును మూడేనని తలూపేది దొరికితే ఇంకేం కావాలి? ఇదే రాసెయ్యమ్మా అన్నాడు. ధర ఎక్కువది అమ్ముడుపోతుంటే కంపెనీ మనిషి ఎందుకు కాదంటాడు? ఇంజినీరమ్మ కాగితం జీపు బానెట్ మీద పెట్టి రాయడం మొదలుపెట్టింది.

ఇయర్‌ఫోన్లు ఇంకా బాబాయ్ చెవులకే ఉన్నాయి. మిషన్ పట్టుకుని జీపు వైపు నడుస్తుంటే మోత ఆగలేదు. వీధి మధ్యలో మోగింది, గోడ వారన మోగింది, జీపు దాకా మోగుతూనే ఉంది. బీరువాలో ఉన్నదానికి ఇది అన్నగారు. ఆ సంగతి ఆయన చెవులకు తప్ప ఎవరికీ తెలియదు. బాబాయ్‌కి సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ భయమేసింది. నాలుగు నెలలు నోరు మూసుకుంటే పూలదండ వేసి పంపిస్తారు. ఆ తర్వాత ఎక్కడో గొట్టం పగిలితే, ఇది మోగినచోటల్లా తవ్వుకుంటూ ఎవడో వీధంతా తిరుగుతాడు. బేకరీ వీధిలో ఒక ముసలావిడ తడిసిన పరుపును మెట్ల మీదికి ఈడ్చుకుంటూ, నువ్వు ఉండబట్టి సరిపోయింది నాయనా అని తననే మెచ్చుకుంది. ఆవిడ మొహంలోకి ఆ రోజు ఆయన చూడలేకపోయాడు.

సంతకం ఆపమని చెప్పి, జీపులోంచి గునపం తీసి, మడమతో తొక్కినచోట తానే తవ్వాడు. మోకాలి లోతు దాకా ఎర్ర కంకర తప్ప ఏమీ రాలేదు. చెమట తుడుచుకుని టైలర్ మెట్ల దగ్గరికి వెళ్ళి తవ్వాడు. మూర లోతులో గునపం ఖంగుమంది. మట్టి తీస్తే వాల్వు మూత.

"మళ్ళీ రోడ్డు వాళ్ళే జరిపేసుంటారు బాబాయ్" అంది ఇంజినీరమ్మ. ఆయన్ని చిన్నబుచ్చడం ఆమెకు ఇష్టం లేదు.

"ఎవరూ జరపలేదమ్మా. బేకరీ వీధిలోనూ జరపలేదు. నాకే గుర్తుండటం లేదు."

బాబాయ్ గునపం గోడకు ఆనించాడు.

"ఆ బరువుదే కొను. రేపటి నుంచి నన్ను వీధివీధికీ తిప్పు. తెలిసినవన్నీ చూపిస్తాను, రాసుకో. నేను చూపించినచోట అది కూయలేదనుకో, నేనెంత అరిచినా నా మాట వినొద్దు."

ఇంజినీరమ్మ కాగితం మీద తెర మిషన్ పేరు కొట్టేసి బరువుదాని పేరు రాసింది. సంతకం పెట్టబోతూ, ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందని మెల్లిగా అడిగింది. బాబాయ్ చాలాసేపు ఆలోచించి, అది కూడా గుర్తు లేదన్నాడు.