నడుము మీదికి పోయే చెయ్యి

"నీ వయసెంతమ్మా? యాభై తొమ్మిది! ఆ వయసులో అందరూ మోకాళ్ళకి నూనె రాసుకుంటారు, బురదలో దొర్లరు!"

"దొర్లితే నీ చీరకేమైనా అంటిందా? పోవే, పో!"

వంటింట్లో తల్లీకూతుళ్ళు. ముందు గదిలో బూట్లు వేసుకుంటూ అల్లుడు. బస్సులో అతనిది పెద్ద నోరు. "పైన రాడ్ పట్టుకోండి!" అని ఒక్క కేక వేశాడంటే వెనక సీట్లో కునికేవాడు కూడా ఉలిక్కిపడి చెయ్యెత్తాలి. అదే కండక్టరు ఇంట్లో మాత్రం చెవులున్న కుర్చీ.

"పోయినేడు భుజం వాచి పదిహేను రోజులు నాతో జడ వేయించుకున్నావు. మళ్ళీ పడితే?"

"పడను."

గొడవంతా ఆ పడటం గురించే. అత్తగారు ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్ళుగా పనిచేస్తోంది. ఏడేళ్ళ క్రితం లిఫ్టు చెడిపోతే తడి దుప్పట్ల మూట భుజానేసుకుని మూడంతస్తులు ఎక్కేసింది. చూసిన నర్సొకామె నోరెళ్ళబెట్టి, అడ్డంకుల పరుగు ఒకటుందని కాగితం చేతిలో పెట్టింది. గోడలెక్కాలి, వలల కింద పాకాలి, ఇసుక బస్తా మోస్తూ గుట్ట ఎక్కాలి. అప్పట్నుంచి ఏటా వెళ్తోంది. సగం వయసు పిల్లలు రొప్పుతూ కూలబడే చోట ఈవిడ బస్తా ఎత్తుకుని చక్కా పోతుంది.

పోయినేడే పన్నెండు రాడ్లు కొత్తగా పెట్టారు. ఒకదాన్నుంచి ఇంకోదానికి చేతుల మీద వేలాడుతూ పోవాలి. నాలుగో దాని దగ్గర దబ్బున పడింది. అన్నీ దాటినవాళ్ళకి ఎర్ర పట్టీ ఇచ్చారు, ఈవిడకి తెల్లది.

"తెల్లగుడ్డలు నేను చూడనివా?" అంటూ దాన్ని తెచ్చి పొయ్యి తుడిచే గుడ్డల్లో పారేసింది.

ఆ మర్నాడే అల్లుడి చేత నడవలో రాడ్ బిగింపించింది. "బట్టలారేసుకునే చోట మా అమ్మ ఆరుతోంది" అని కూతురు దెప్పుతూనే ఉంది. ఏడాదంతా వేలాడింది. చేతులు మార్చడం మొదలుపెడితే మాత్రం నాలుగోసారో ఐదోసారో జారిపోయేది. పరుగు ఇంకా ఎనిమిది రోజుల్లో ఉంది.

ఆ మధ్యాహ్నం డ్యూటీ దిగి, ఆవిడ మరిచిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి అతను లాండ్రీకి వెళ్ళాడు. ఆవిరి, సోడా వాసన, మిషన్ల రొద. తడి దుప్పటి మిషన్లో వేసిన ప్రతిసారీ ఆవిడ కుడి అరచెయ్యి నడుము మీద రాసి, ఆ తర్వాతే ఉతికిన దుప్పటి ముట్టుకుంటోంది. తడి చెయ్యి తగిలితే మరక పడుతుందట. కట్టుకున్న ఏప్రన్ సరిగ్గా అక్కడే అరిగి చిల్లుపడింది.

సాయంత్రం ఆవిడ నడవలో వేలాడుతుంటే అతను గుడ్లప్పగించి చూశాడు. ఒకటి, రెండు, మూడు. అరచేతికి చెమట పట్టింది. కుడి చెయ్యి రాడ్ వదిలి నడుము మీదికి పోయింది. దబ్బుమని చాప మీద కూలబడింది.

"అత్తయ్యా, మీరు జారడం లేదు. మీరే వదిలేస్తున్నారు."

"ఎవరండీ వదిలేది?" ఆవిడకి రోషం పొడుచుకొచ్చింది.

"మీ చెయ్యే. తుడుచుకోడానికి."

ఆవిడ తలొంచి చూసుకుంది. లాగు మీద నడుము దగ్గర అయిదు వేళ్ళ తడి. కూతురు ఫక్కున నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయింది.

"ఇంకేం మరి, మానెయ్యమ్మా," అంది మెల్లగా.

ఆవిడ ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఇంటికొచ్చిన పరాయి మనిషిని చూసినట్టు చూసింది.

"ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు ఎనిమిది రోజుల్లో పోతుందా బాబూ?"

"పోదు," అన్నాడు. అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు.

ఆవిడ లేచి నిలబడి మళ్ళీ రాడ్ పట్టుకుంది.

"అయితే ఆ ఆదివారం పరుగుకి సెలవు పెట్టండి. ఆ రాడ్ల పక్కనే నిలబడండి. నా చెయ్యి నడుము వైపు కదిలిందంటే, మీ బస్సులో జనాన్ని కసురుతారే, అలా కసరండి నన్ను. అత్తగారని మొహమాటపడ్డారో, మళ్ళీ మీ మొహం చూడను."