బిందె బదులు నేను

ఆ రోజుల్లో సేవ చేయడమంటే ఎవరింటికైనా వెళ్లి, వాళ్లకు తెలిసిన సంగతినే మళ్లీ వాళ్లకు చెప్పి రావడమని నేను గట్టిగా నమ్మేదాన్ని. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. చదువు ఎనిమిదో తరగతిలో ఆపేశాను (అదే నన్ను ఆపేసిందని మా అమ్మ అంటుంది). కుట్టుమిషన్ నేర్చుకుంటూ, ఆదివారం చర్చిలో యువజనుల కూటానికి మాత్రం తప్పకుండా వెళ్లేదాన్ని. నాన్నది రైల్వే ఉద్యోగం, మౌలాలిలో క్వార్టరు, క్వార్టర్లో కుళాయి. తిప్పితే నీళ్లొచ్చే ఇంట్లో పెరిగిన పిల్లకు నీళ్ల గురించి ఏమీ తెలియదని నాకు అప్పటికి తెలియదు.

మా కూటానికి పెద్ద ఒకాయన ఉండేవాడు. మైకు చేతికొస్తే వదలడు కనుక మేమంతా మైకన్న అనేవాళ్లం. గుట్ట వెనక బస్తీలో నల్లాల్లేని ఇరవై ఇళ్లకు చేతులు కడుక్కునే డ్రమ్ములు పంచుదామని ఆయనే నిర్ణయించాడు. అడుగున చిన్న కుళాయి బిగించిన ప్లాస్టిక్ డ్రమ్ము, దానికో ఇనప స్టాండు, పక్కన వల సంచిలో వేలాడే సబ్బు. ఇరవై డ్రమ్ములూ ఒకే నీలం, ఒకే కొలత. "ఫోటోలో యూనిఫారం వేసుకున్నట్టు ఉండాలి" అన్నాడు మైకన్న. అలాగే ఉన్నాయి.

ఇల్లిల్లూ తిరిగి చేతులు ఎలా కడుక్కోవాలో చూపించే పని నాది. మొదటి ఇల్లు, బస్తీ అంతా సొట్ట బిందె అవ్వ అని పిలిచే ముసలామెది. ఒక హాస్టలు వంటింట్లో పని చేసేది. పొద్దున ఏడింటికల్లా అక్కడ పొయ్యి వెలగాలి. ఇంకొక్కసారి ఆలస్యమైతే రావద్దని అక్కడి మేనేజరు అప్పటికే చెప్పేశాడు. ఆమె ముందు నేను మోచేతులదాకా నురగ తెచ్చి, వేళ్ల సందులు రుద్ది, రెండు చెంబుల నీళ్లు ధారగా వదిలి చూపించాను. అవ్వ చివరిదాకా ఓపికగా చూసింది. "మంచిగ కడిగినవ్ బిడ్డా. గవి నా మనుమడు తానం చేసే నీళ్లు" అంది.

ఆ మాటతో ఆగినా బాగుండేది. గుమ్మం పక్కన పెద్ద సొట్టతో సత్తు బిందె ఒకటి కనిపించింది. "అవ్వా, ఇంకా ఇదెందుకు? లోపల పెట్టేయ్. ట్యాంకరొచ్చినప్పుడు ఈ డ్రమ్మే పెట్టుకో, మూత కూడా ఉంది" అన్నాను. "గది నా బిందె. దాన్ని అందరెరుగుదురు" అంది అవ్వ. "డ్రమ్మును కూడా ఎరుగుతార్లే" అన్నాను. (నిజానికి అదే మాట పంతొమ్మిది ఇళ్లలో చెప్పాను. ఇరవయ్యో ఇల్లు తాళం వేసి ఉంది.)

నాకు తెలియనిదేమిటంటే, ఆ బస్తీకి రోజు విడిచి రోజు పొద్దున ఆరింటికి నీళ్ల ట్యాంకరు వస్తుంది. ముందురోజు సాయంత్రమే ఇంటికొక గిన్నె రోడ్డు పక్కన వరుసలో పెట్టి ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోతారు. గిన్నె ఉంటే మనిషి ఉన్నట్టే. రంగు డబ్బా ఎవరిది, చెవి విరిగిన బకెట్ ఎవరిది అన్నది చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందరికంటే ముందు సొట్ట బిందె. అవ్వ పొద్దున్నే పోవాలి కాబట్టి ఆ చోటు ఆమెదని ఎవరూ రాయని ఒప్పందం.

డ్రమ్ములు పంచాక ట్యాంకరొచ్చే మొదటి పొద్దున మైకన్న నన్ను ఫోటోల కోసం వెంటబెట్టుకెళ్లాడు. చూస్తే రోడ్డు పొడుగునా పంతొమ్మిది నీలం డ్రమ్ములు, వాటి చుట్టూ పంతొమ్మిది మంది ఆడవాళ్లు.

"ముందరిది నాదే."

"నీదెట్లయితది వదినా? మూత నేనే బెట్టిన."

"అందరికీ మూతలున్నయి. నీకొక్కదానికే ఇచ్చిండ్రా?"

ఎవరో నన్ను చూశారు. "ఇచ్చింది గీ పిల్లనే గద. గీమెనే చెప్పమను." నేను చాలా నమ్మకంగా ఒక డ్రమ్మును చూపించి ఇది అవ్వదేనన్నాను. దాని కుళాయి విప్పి అప్పటికే కాళ్లు కడుక్కుంటున్న ఇంకొకామె, "నాది గాకపోతే నా ఇంటి నీళ్లు దీంట్లకెట్లొచ్చినయ్?" అంది. ట్యాంకరు డ్రైవరు కాసేపు హారను కొట్టి, చేతికందిన డ్రమ్ములో పైపు వేసేశాడు. అవ్వ వంతు చివర్న వచ్చింది. చీర కొంగు దోపుకుని బస్సు కోసం ఉరికింది.

ఆ గొడవతో బస్తీ ఒక తీర్మానం చేసింది. మూతున్న డ్రమ్ము వదిలి పాత గిన్నెకు పోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు కనుక, ఇకమీదట గిన్నె మాట చెల్లదు, మనిషే నిలబడాలి. సాయంత్రం అవ్వ మా క్వార్టరుకొచ్చింది. తను కాళ్లావేళ్లా పడితే మేనేజరు ఇంకొక్క అవకాశం ఇచ్చాడట. "నేను నిలబడితే బువ్వెవరొండాలె, మనుమణ్ని బడికెవరు తయారు జెయ్యాలె? అక్కడ నౌకరీ పాయెనంటే ఇగ పరేషానే" అని మా అమ్మకు నిదానంగా చెప్పి, నా వైపు తిరిగింది. "ఎల్లుండి సంది నువ్వే నా బిందె." మా అమ్మ ఒక్క మాట కూడా అడ్డం చెప్పలేదు. "వెళ్లు, మంచి బిందెవి" అంది.

నెలపాటు రోజు విడిచి రోజు తెల్లవారకముందే వెళ్లి ముందు కూర్చున్నాను. కునుకు తీస్తే వెనకామె మోకాలితో నెట్టేది. "అవ్వ బిందె ఒరుగుతుంది, జెర సరిగ పెట్టుండ్రి" అని నవ్వేవాళ్లు. మైకన్న ఒకసారి కాగితం పట్టుకొచ్చి, రోజుకు ఎన్నిసార్లు చేతులు కడుగుతున్నారని అడిగాడు. "ఎన్నిసార్లు నీళ్లొస్తున్నయో గది రాసుకో ముందు" అన్నారు. అవ్వకు మాత్రం ఒక్కరోజు కూడా పనికి ఆలస్యం కాలేదు.

నెల చివర నడుము నొప్పి భరించలేక నాకు తెలివి వచ్చింది. తెల్ల రంగు డబ్బా తెచ్చి డ్రమ్ముల మీద బొమ్మలు వేశాను. పేర్లు రాస్తే చదివేవాళ్లు తక్కువ (రాసే నేనూ అంతంత మాత్రమే). చేప, గొడుగు, దువ్వెన, మిరపకాయ, ఎవరడిగింది వాళ్లకు. డ్రమ్ములు మళ్లీ వరుసలోకి వచ్చాయి, నింపుకుని తీసుకెళ్లి గుమ్మాల ముందు స్టాండెక్కాయి, కొందరు నిజంగానే చేతులు కూడా కడుక్కున్నారు. నీకేం బొమ్మ వేయమంటావని అవ్వనడిగితే క్షణం కూడా ఆలోచించలేదు. "నెల సంది ఎవరున్నరో గా బొమ్మనే ఎయ్. అందరెరుగుదురు."

అవ్వ డ్రమ్ము మీద నా బొమ్మే, రెండు జడలతో వేశాను. ఒక కన్ను పెద్దది, ఒక కన్ను చిన్నది అయింది. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఎన్నో వరుసల్లో నిలబడ్డాను, ఎక్కడా నాకు ముందు చోటు దొరకలేదు. డ్రమ్ము మీది ఆ వంకర కళ్ల పిల్లకు మాత్రం, ఆ బస్తీకి నల్లాలు వచ్చేదాకా, ఎవరూ అడ్డం రాలేదట.