అక్క రక్తం చూసిన రోజు

అమీర్‌పేటలో మ్యాచింగ్ సెంటర్ల వెనక సందులో మా అక్క బట్టలకు రంగులు వేసేది. చీరకు సరిపడే జాకెట్టు ముక్కో, లైనింగో దొరకకపోతే షాపువాళ్లు తెల్లగుడ్డ చేతికిచ్చి ఆమె దగ్గరికి పంపేవాళ్లు. అక్క చీర అంచును ఒకసారి వెలుతురులో పట్టుకుని చూసేది. మూడు నాలుగు డబ్బాల్లోంచి చెంచా కొసతో పొడి తీసి మరిగే నీళ్లలో వేసేది. కొలతలేమీ ఉండేవి కాదు. మాది మగ్గాల ఊరు, నూలుకు రంగులద్దే ఇల్లు. ఆ విద్య నాకు అబ్బలేదు, అక్కకు అబ్బింది. నన్ను ఎమ్మెస్సీ దాకా చదివించింది కూడా ఆ పనే.

చదువయ్యాక పంజాగుట్టలో ఒక చిన్న పరిశోధనశాలలో చేరాను. అక్కా బావల ఇంట్లోనే ఉంటూ నడిచి వెళ్లొచ్చేదాన్ని. నేనేం పని చేస్తానని అక్క అడిగితే ఇలా చెప్పాను. మన రక్తంలో కాపలా కణాలుంటాయి. బయటిదేదో ఒంట్లోకి వచ్చిందని తెలియగానే, అంతవరకూ కణంలో ఒక పక్కన కట్టిపడేసి ఉన్న ఒక ప్రోటీన్ విడుదలవుతుంది. కణం నడుమ ఉండే కేంద్రకంలోకి దూరి, జన్యువులను తట్టిలేపుతుంది. అప్పుడే వాపు, జ్వరం, పోరాటం మొదలవుతాయి. పని కాగానే ఆ ప్రోటీన్ బయటికి వచ్చేయాలి. మేము దానికి ఆకుపచ్చగా, కేంద్రకానికి నీలంగా వెలిగే రంగులు పట్టించి, అది ఎప్పుడు లోపలికి పోయిందో, ఎప్పుడు బయటికొచ్చిందో మైక్రోస్కోపులో చూస్తాం.

అక్క అంతా విని, "అయితే నువ్వు సుత రంగులే ఏస్తున్నవ్ గదనే" అని మురిసిపోయింది.

అప్పటికే ఆమెకు దగ్గు పట్టుకుని చాలా కాలమైంది. పొయ్యి ముందు ఆవిరిలో నిలబడినప్పుడు మొదలయ్యేది, రానురాను నడుస్తుంటే కూడా వచ్చేది. బావ టైలరింగ్ షాపులో కటింగ్ మాస్టర్. ఒకరోజు పని మానుకుని, బతిమాలి ఆమెను లక్డీకాపూల్‌లో ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించాడు. రంగుపొడి లోపలికి పోతోందనీ, ఒళ్లు దాన్ని శత్రువనుకుని పోరాడుతోందనీ, ఆ పోరాటంలో ఊపిరితిత్తులే గట్టిపడిపోతున్నాయనీ ఆయన చెప్పాడు. పని మానేయమన్నాడు.

"చిన్నప్పటి సంది గీ రంగుల్లనే పెరిగిన. అప్పుడు రాని రోగం ఇప్పుడెందుకొస్తది?" అంది అక్క ఇంటికొచ్చాక.

సరిగ్గా ఆ నెలలోనే మా ల్యాబ్‌కు రంగుల పని చేసేవాళ్ల రక్తం కావలసి వచ్చింది. అక్క తనంతట తనే వస్తానంది. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి, కాగితం మీద సంతకం పెట్టి, చేయి చాచింది. రక్తం తీసిన సీసా మీద పేరు రాయరు, అంకె వేస్తారు. అంకె వేసేవాళ్లు వేరు, పరీక్ష చేసేవాళ్లు వేరు. ఆరోజు అంకెలు వేసే ఆమె సెలవులో ఉండటంతో రెండు పనులూ నేనే చేశాను. అది తప్పని తెలుసు. ఒక్కరోజుకేముందిలే అనుకున్నాను.

మామూలు మనుషుల కణాల్లో, మేము ఏమీ కలపకముందు, ఆకుపచ్చ వెలుగు కేంద్రకం చుట్టూ వలయంలా ఉంటుంది. అక్క కణాల్లో అలా లేదు. ఏమీ కలపకుండానే చాలా కణాల్లో ఆకుపచ్చ నీలం మీదికి ఎక్కి కూర్చుంది. అక్క వాడే బట్టల రంగును పల్చగా కలిపాక మిగిలినవీ అలాగే అయ్యాయి. గంటలు గడిచినా ప్రోటీన్ బయటికి రాలేదు. ఎక్కడో పొరపాటు చేశాననుకుని మళ్లీ మొదటి నుంచి చేశాను. అదే వచ్చింది.

మేడం వచ్చి కంప్యూటర్ తెర వైపు చాలాసేపు చూశారు. ఆవిడది కోస్తా వైపు, మా అందరికీ గైడు.

"ఇదెవరిదో నీకు తెలుసా ఏంటి?"

"మా అక్కదండీ."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "చూడమ్మా, ఇది పరిశోధన, రిపోర్టు కాదు. ఒక్క శాంపిల్ చూసి రోగం ఉందనీ లేదనీ ఎవరికీ చెప్పకూడదు. డాక్టరు గారు ఏం చెప్పారో అది చెయ్యమను. అంతే."

అక్కతో ఆ ఒక్క మాట అన్నా సరిపోయేది. నేను ఇంటికి వెళ్లేసరికి అక్క పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆరోజు వేసిన ముదురు ఎరుపు చేతులకు మణికట్టు దాకా అంటుకుని ఉంది.

"నా రక్తం సూసినవా? ఏమొచ్చింది?"

"మామూలుగనే ఉందక్కా."

ఎందుకలా అన్నానో ఇప్పటికీ సూటిగా చెప్పలేను. చెప్పకూడదన్న నియమం ఉందని అప్పుడు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ నియమం చెప్పొద్దంది, అబద్ధమాడమనలేదు. ఆమె కళ్లలో భయం కనిపించింది, అది పోగొట్టాలనిపించింది. ఆ క్షణంలో ఇంకేమీ ఆలోచించలేదు.

"విన్నవా?" అని అక్క లోపలున్న బావను కేకేసింది. "నా చెల్లె మిషన్ల వెట్టి సూసింది. ఏం లేదంట."

ఆ పెళ్లిళ్ల సీజనంతా అక్క రంగులు వేసింది. రెండుసార్లు నేనే, "డాక్టర్ మానుమన్నడు గదా, జర మానెయ్యరాదు" అన్నాను. "నువ్వే మంచిగున్నదంటివి, మళ్ల ఏమాయె?" అని అడిగింది. స్నానానికని వెళ్లిపోయాను.

వానలు మొదలయ్యేసరికి మెట్లెక్కలేకపోయింది. అప్పుడు పొయ్యి ఆర్పింది. డాక్టరు స్టెరాయిడ్ మాత్రలు రాశాడు. ఆ మాత్రలు చేసే పనుల్లో ఒకటి ఆ ప్రోటీన్ నోరు మూయించడం. ముఖం ఉబ్బింది గానీ దగ్గు తగ్గింది. కొన్ని వారాలు ఇల్లు తేలికపడింది. కానీ కాపలావాడి నోరు మూయిస్తే నిజంగా దొంగ వచ్చినప్పుడు కూడా అరవడు. నాకది పాఠంగా తెలుసు. చలికాలంలో ఆమెకు న్యుమోనియా వచ్చింది.

ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం, బావ మందులకు వెళ్లినప్పుడు, చెప్పేశాను. ఆరోజు మామూలుగా లేదనీ, నేను అబద్ధమాడాననీ.

అక్క ఆక్సిజన్ మాస్కు కొంచెం పక్కకు జరిపింది. కోప్పడుతుందనుకున్నాను.

"నువ్వు జెప్పినా నేను పని ఇడుస్తుంటినా ఏంది?" అంది. కాసేపు ఊపిరి తీసుకుని, "ఫికర్ జెయ్యకు. ముఖం కడుక్కో పో, మీ బావ వస్తడు."

అది నిజమో, నన్ను ఓదార్చడానికి అన్నదో తెలియదు. మళ్లీ అడిగే ధైర్యం లేకపోయింది. నాలుగో రోజు ఉదయం ఆమె పోయింది.

నేను ల్యాబ్ మానలేదు. ఆ సీసాకు అంకె వేసింది కూడా నేనేనని అప్పుడు మేడంకు చెప్పాను. అంకె వేసిన మనిషే పరీక్ష చేస్తే చెల్లదు కాబట్టి ఆ ఫలితాన్ని లెక్కలోంచి తీసేయాల్సి వచ్చింది. ఆవిడ తిట్టలేదు. "ఇంకెవరితోనైనా చేయించాల్సింది" అన్నారు, అంతే. బావకు మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.

అక్క డబ్బాలు, పొయ్యి, గిన్నెలు బావ అదే సందులో ఇంకొకామెకు ఇచ్చేశాడు. ఒకరోజు పనికట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. ముక్కుకు గుడ్డ కట్టుకోమనీ, పొడి కలిపేటప్పుడు తలుపు తీసి ఉంచమనీ, దగ్గు మొదలైతే మానేయమనీ చెప్పాను. మా అక్కకు ఏమైందో అంతా చెప్పాను. ఆమె కర్రతో గుడ్డను తిప్పుతూనే విన్నది.

"అట్లనా అక్కా" అంది. తర్వాత గుడ్డ పైకి తీసి, వెలుతురులో పట్టి, రంగు సరిపోయిందో లేదో నన్నే అడిగింది.