పోలమ్మత్త ఎర్రపిడి చాకు

మొన్న బా పట్నం బజారులో ఇనుప సామాన్ల దుకాణానికి గొళ్లెం కొనడానికి వెళ్లాను. అద్దాల బల్ల కింద మడత చాకులు వరసగా పేర్చి ఉన్నాయి. ఎర్ర పిడివి, నీలం పిడివి, పసుపువి, మధ్యలో చిలకపచ్చది ఒకటి. నా పక్కన నిలబడ్డ కుర్రాడు, చెరకు లారీ తోలేవాడు కాబోలు, చొక్కా నిండా మసి, వాటిని ఒక్కొక్కటే విప్పి చూసి "ఇవేనా రంగులు? నారింజది లేదా?" అని హిందీలో విసుక్కుని, ఏదీ కొనకుండా వెళ్లిపోయాడు. విప్పిన చాకుల నుంచి కొత్త ఇనుముకు పూసిన నూనె వాసన గుప్పున వచ్చింది. నేను వచ్చిన పని మరిచిపోయి బల్ల పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మా అమ్మా నాన్నా విశాఖపట్నం జిల్లా నుంచి గిర్మిట్ మీద, అంటే ఐదేళ్ల కూలి ఒప్పందం మీద, ఓడెక్కి ఫిజీ వచ్చారు. నేను ఇక్కడే, బా నదికి ఎగువనున్న ఒక చెరకు తోటలో, కూలీలుండే లైన్లో పుట్టాను. తారు పూసిన చెక్కల కొట్టంలో ఒక గది మాది. గానుగ కాలం వస్తే తగలబెట్టిన చెరకు మసి గాలిలో తేలుతూ వచ్చి ఆరేసిన చీరల మీదా, వార్చిన అన్నం మీదా వాలేది. మిల్లు వైపు నుంచి చెరకుపాకం మడ్డి వాసన తియ్యగా, కుళ్లుగా రేయింబవళ్లు ముక్కులో నిండి ఉండేది. వానలు మొదలైతే నేల బురదై, పాదాల పగుళ్లలో ఎర్రమట్టి ఇంకి, కొండవార అడవి జామలు పండి రాలి, వాటి కోసం మేమూ ముంగిసలూ పోటీపడేవాళ్లం. అప్పుడప్పుడు గాలివాన వచ్చి కప్పు రేకులు ఎగరేసుకుపోయేది. వీటితోపాటే దెబ్బలు. తెల్లారకముందే సర్దారు, అంటే కూలీల ముఠాకు మేస్త్రీ, తలుపులను కర్రతో బాదుతూ వచ్చేవాడు. లేవనివాళ్లను అదే కర్రతో లేపేవాడు. గుర్రం మీద తెల్ల దొర, మేము కులంబర్ అనేవాళ్లం, చేలగట్ల మీద తిరుగుతుంటే కొరడా తోక నేలమీద పాములా పాకేది. పిల్లలం ఆడుకునేటప్పుడు ఒకరు సర్దారు, మిగిలినవాళ్లు కూలీలు. చెరకాకు పేని కొరడా చేసుకుని వీపుల మీద ఎర్రటి చారలు పడేదాకా కొట్టుకునేవాళ్లం. అది ఆటే అనుకునేవాళ్లం.

లైన్లో ప్రతివాళ్ల దగ్గరా ఒక మడత చాకు ఉండేది. పొగాకు కోయడానికి, కాల్లో ముల్లు తీయడానికి, పిల్లలకు చెరకు గనుపు చెక్కి ఇవ్వడానికి, గోళ్లు తీసుకోవడానికి అన్నిటికీ అదే. మగవాళ్లు మొలతాడుకు కట్టుకునేవాళ్లు, ఆడవాళ్లు రొంటిన దోపుకునేవాళ్లు. అవి అమ్మేవాడు ఒక్కడే, ఆదివారం మధ్యాహ్నం మూట మోసుకొచ్చే హిందీ వ్యాపారి. అతని మూట విప్పితే దువ్వెనలు, అద్దాలు, గాజులు, అన్నీ రంగురంగులవే. చాకులు మాత్రం నల్ల పిడివి. ఏ పెట్టె తెచ్చినా నలుపే. అచ్చు ఒక్కలాగే ఉంటే ఎవరిది ఏదో ఎలా తెలుస్తుంది? ఒకరు దారం చుట్టుకునేవారు, ఇంకొకరు మేకుతో గీత గీసుకునేవారు. దారం ఊడేది, గీత అరిగేది, తగువు మొదలయ్యేది.

ఒక దీపావళి నాటి తగువు నాకు కళ్లకు కట్టినట్టుంది. అమ్మావాళ్లు షార్పు అనే ముతక గోధుమపిండిలో మడ్డి కలిపి బూరెల్లాంటివి వండారు. కొబ్బరినూనె మరిగే వాసన, పిల్లల అరుపులు, మామిడికాయ ముక్కలకు ఉప్పూకారం. గంగులు, సన్నాసి అని ఇద్దరు స్నేహితులు, ఒకే ఓడలో వచ్చినవాళ్లు, ఒకే పళ్లెంలో తింటున్నారు. గట్టుమీదున్న చాకు గంగులు తీసుకున్నాడు. "అది నాది" అన్నాడు సన్నాసి. "నీదెక్కడిది, గీత సూడు" అన్నాడు గంగులు. గీతలు రెండింటికీ ఉన్నాయి. మాట మీద మాట పెరిగి, సన్నాసి లోపలికి వెళ్లి చెరకు నరికే కత్తి తెచ్చాడు. గంగులు చెయ్యి అడ్డం పెట్టాడు. రెండు వేళ్లు బూరెల పళ్లెంలో పడ్డాయి. రక్తం ఎక్కువగా పోయి మసకబారిన కళ్లతో గంగులు ఆ వేళ్లను ఏరుకోవడానికి వంగడం చూశాను. సన్నాసి కత్తి పారేసి, వాణ్ని వాటేసుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ తరవాతి ఆదివారం పోలమ్మత్త వ్యాపారిని పట్టుకుంది. ఆవిడ మా పక్క గదిలో ఒంటరిగా ఉండేది. మొగుడు ఓడలోనే జబ్బుచేసి పోతే సముద్రంలో వేసేశారు. నలుగురు మగవాళ్ల పెట్టు గొంతు, నవ్వితే లైనంతా వినపడేది, అమ్మను వొదినా అని పిలిచేది కనక నాకు అత్త.

"ఏటి బాబూ, ఎప్పుడు సూసినా ఈ బొగ్గు రంగేనా? ఎర్రది తే, పచ్చది తే, పసుపుది తే. అమ్మీవోడివి, నీకు కళ్లు నేవా?"

"పెట్టె నిండా కాలా వస్తుందమ్మా. నేనేం చెయ్యాలి?" అన్నాడు వ్యాపారి వచ్చీరాని తెలుగులో.

"ఏళ్లు తెగిపోతన్నాయని సెప్పు ఆళ్లకి. రంగులెయ్యమని సెప్పు."

వారం వారం ఇదే మాట. నాకూ రంగు చాకు పిచ్చి పట్టుకుంది. చిలక ఈకల పచ్చది కావాలని ఏడ్చి, అమ్మ చేత చెంపదెబ్బలు కూడా తిన్నాను. చివరికి ఒక ఆదివారం వ్యాపారి నవ్వుకుంటూ జేబులోంచి ఒకటి తీశాడు. ఎర్ర లక్క పూసిన చెక్క పిడి, మందార మొగ్గలా ఉంది. ఆ ఒక్కటే దొరికిందట. పోలమ్మత్త ఒక చెవి కమ్మ తీసి అతని చేతిలో పెట్టింది. అప్పటినుంచి ఆవిడకు ఒక చెవి బోడి. పనినుంచి రాగానే ఆ చాకు నా చేతికిచ్చి చెరకు చెక్కుకోమనేది. లైన్లో పిల్లలంతా నా చుట్టూ మూగి ఒక్కసారి పట్టుకుంటామని బతిమాలేవాళ్లు.

సర్దారు కన్ను పోలమ్మత్త మీద ఎప్పటినుంచో ఉంది. లొంగని ఆడవాళ్లను ముఠానుంచి విడదీసి దూరపు సాలులో ఒంటరిగా కలుపు తీయించడం అతని పద్ధతి. ఆ రోజు నేను అమ్మకు మంచినీళ్లు పట్టుకెళ్లాను. చెరకు మనిషికి రెట్టింపు ఎత్తున పెరిగి ఉంది, ఎండకు ఆకులు కరకరలాడుతున్నాయి. ముందు ఒక మగ గొంతు కేక వినిపించింది. తరవాత చెరకులోంచి పోలమ్మత్త వచ్చింది. రవిక భుజం దగ్గర చిరిగిపోయి ఉంది, పెదవి చిట్లి ఉంది, కుడి చెయ్యి మోచేతి దాకా రక్తం. ఆ రక్తం ఆవిడది కాదు. వెనకనుంచి సర్దారు తూలుకుంటూ వచ్చాడు. చెవి నుంచి పెదవి దాకా చెంప తెరుచుకుని, అందులోంచి పళ్లు కనిపించాయి. అతను ఏదో అరవబోతే మాటకు బదులు నురగ వచ్చింది.

అందరూ అతనివైపు పరిగెత్తారు. అమ్మ ఒక్కతే చెరకులోకి దూరింది. కాసేపటికి కలుపు మోపు నెత్తిన పెట్టుకుని, ఏమీ తెలియనట్టు బయటికి వచ్చింది.

సర్దారు పోలమ్మత్త పేరు చెప్పనే చెప్పాడు. కానీ చూశామని చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు. మెజిస్ట్రేటు ముందు ఒట్టి మాట చెల్లదు, ఆ ఎర్రపిడి చాకు దొరికితే చాలు, పోలమ్మ మళ్లీ జైలు బయటికి రాదు అన్నాడట కులంబర్. ఆ మాట మేము గదికి చేరేలోపే లైనంతా పాకింది.

సాయంత్రం అమ్మ పొయ్యి ముందు కూచుని, కలుపు మోపులోంచి ఎర్ర చాకు తీసి నిప్పుల మీద పెట్టింది. పోలమ్మత్త గోడకు ఆనుకుని, ఎప్పుడో శుభ్రమైన చేతిని మళ్లీ మళ్లీ తుడుచుకుంటోంది.

"అమ్మా, వొద్దు!" అన్నాను.

"నోరుముయ్యే గుంటా. ఎర్ర సాకు నువ్వు ఎప్పుడూ సూడనేదు. ఇన్నావా?"

"కాల్సీయే వొదినా," అంది పోలమ్మత్త. "బాగా కాల్సీయి."

ఎర్ర లక్క ముందు మెరిసింది, తరవాత పొక్కులు లేచింది, బుడగలు చిట్లి గోధుమ రంగుకు తిరిగింది, చివరికి నల్లబడింది. అమ్మ దాన్ని బూడిదలో దొర్లించి, కొబ్బరినూనె రాసి, గుడ్డతో గట్టిగా రుద్ది పోలమ్మత్త రొంటిన దోపింది. అది అన్ని చాకుల్లాంటి చాకు అయిపోయింది. నేను వెక్కివెక్కి ఏడ్చాను. ఏడ్చింది చాకు కోసమే, అత్త కోసం కాదు. అంతే వయసు నాది.

పొద్దున్నే కులంబర్ ఒక్కళ్లనూ పనికి పోనివ్వకుండా లైను ముందు నిలబెట్టాడు. గోనె పరిపించి అందరి చాకులూ దానిమీద పెట్టమన్నాడు. ఒక్కొక్కరే వచ్చి పెట్టారు. అన్నీ నల్లవే. పోలమ్మత్తది కూడా. మొహానికి గుడ్డ చుట్టుకున్న సర్దారు వాటిని కాలితో చెల్లాచెదురు చేశాడు. "ఎర్రది! ఎర్రది ఏది?" అని అరిచాడు. కులంబర్ ఎర్ర చాకు సంగతి గంగులును అడిగాడు. రెండు వేళ్లు లేని చేతిని చూపించి, "ఎర్రదే ఉంటే నాకీ గతి పట్టునా దొరా" అన్నాడు గంగులు. సన్నాసి అవునన్నట్టు తల ఊపాడు. వ్యాపారిని ముందే పిలిపించారు. అతను గోనెను, పోలమ్మత్త బోడి చెవిని, సర్దారు మొహాన్ని చూసి, తాను నల్లవే అమ్ముతానన్నాడు.

అప్పుడు సర్దారు నన్ను చూశాడు. జుట్టు పట్టుకుని వరసలోంచి లాగి, మొహం మీద మొహం పెట్టాడు. చెంపగుడ్డ తడిసి చీము వాసన వేస్తోంది.

"బోల్, లడ్కీ! ఎర్ర చాకుతో నువ్వు చెరకు చెక్కుకోవడం నా కళ్లతో చూశాను. ఎవరిది?"

అమ్మ కదల్లేదు. పోలమ్మత్త ఒక అడుగు ముందుకు వేసింది, తానే ఒప్పేసుకోబోతోందని నాకు అర్థమైంది. ఆవిడ నోరు తెరిచేలోపే నేను అరిచాను: "రంగు సాకు కావాలని నాను ఏడ్సినాను గానీ, ఎవులూ కొనిపెట్టనేదు!"

అతను కొట్టిన దెబ్బకు నా ఎడమ చెవిలో ఏదో పగిలింది. నేల వచ్చి తగిలింది. రెండో దెబ్బకు చెయ్యి ఎత్తాడు కానీ అది నామీద పడలేదు. ఆడవాళ్లు పడ్డారు అతని మీద. ఎవరు ముందో తెలియదు. మట్టిగడ్డలు, కలుపు పారల కామలు, ఒట్టి చేతులు, పళ్లు. కులంబర్ గుర్రాన్ని మధ్యలోకి తోలి కొరడా ఝళిపిస్తే అది అమ్మ వీపు మీద రెండు సార్లు పడింది. మూడోసారి పోలమ్మత్త ఆ కొరడా కొసను గాలిలోనే పట్టి గుంజింది. కులంబర్ గుర్రం మీదనుంచి బురదలో పడ్డాడు. నాన్న నన్ను ఎత్తుకుని పరిగెత్తాడు. నాన్న భుజం మీదుగా చూస్తుంటే అంతా కదులుతోంది కానీ సగం చప్పుడే వినపడుతోంది.

ఆ తోపులాటలో కొరడా గుంజిందెవరో కులంబర్ పోల్చుకోలేకపోయాడు. ఆ తగాదాకు అమ్మను, ఇంకొందరు ఆడవాళ్లను జైల్లో పెట్టారు. పోలమ్మత్త తననూ తీసుకుపొమ్మని పోలీసుల వెంట రోడ్డు దాకా నడిచింది. అమ్మ వెనక్కి తిరిగి, "నా గుంటకి గంజెవులు పోస్తారే? ఎల్లు!" అని కసిరింది. అమ్మ తిరిగొచ్చేదాకా అత్తే నన్ను సాకింది, చెవిలో గోరువెచ్చటి నూనె వేస్తూ, నేను వినలేని వైపు కూచుని తనలో తాను ఏదో అనుకుంటూ. సర్దారును వేరే తోటకు మార్చారు. చాకు కేసు మెజిస్ట్రేటు దాకా పోనేలేదు.

చాలా నెలలకు వ్యాపారి మళ్లీ వచ్చాడు. పోలమ్మత్త పోరు పడలేక ఎక్కడో చెప్పి తెప్పించాడట, గుడ్డ పరిచి పెట్టె బోర్లించాడు. పచ్చవి, పసుపువి, నీలంవి, ఎర్రవి, గుట్టగా చాకులు. ఎండలో మెరిసిపోయాయి. లైనంతా చుట్టూ చేరింది. ఎవరూ ముట్టుకోలేదు. చిలక ఈకల పచ్చది నా కాలి దగ్గరే పడింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"నలుపుది ఉంటే ఇయ్యి బాబూ," అంది పోలమ్మత్త మెల్లిగా. "మాకు నలుపే సాలు."

గిర్మిట్ పోయింది. లైను పీకేశారు, ఆ చోట ఇప్పుడు చెరకే ఉంది. పోలమ్మత్త మా పొలం పక్కనే కౌలుకు చేసుకుని, ముసలిదై, అమ్మ పోయిన ఏడాదికే పోయింది. లైన్లో గదికీ గదికీ మధ్య గోడ కప్పు దాకా ఉండేది కాదు. ఒక గదిలో మనిషి మూలిగితే చివరి గదిలో వాళ్లు లేచి కూచునేవాళ్లు. మా మనవలు కట్టుకున్న ఇళ్లకు గోడలు పైదాకా ఉన్నాయి, కిటికీలకు అద్దాలున్నాయి. రోడ్డుకు అవతలి ఇంటి కోడలిని మొగుడు కొడుతున్నాడని, ఆ పిల్ల చేతికి కట్టుతో బస్సెక్కినప్పుడు గానీ మాకు తెలియలేదు. తెలిశాక కూడా, వాళ్లింటి సంగతి మనకెందుకన్నారు మావాళ్లు.

నేను రోజూ మధ్యాహ్నం కర్ర పట్టుకుని వెళ్లి వాళ్ల వరండాలో కూచుంటున్నాను. ఆ అబ్బాయి ముఖం చిట్లిస్తాడు, ముసలిదాన్ని ఏమీ అనలేడు. ఆ పిల్ల టీ తెచ్చి ఇచ్చి, హిందీలో రెండు మాటలు మాట్లాడి లోపలికి పోతుంది. వరండా పెద్దదే. అమ్మా, పోలమ్మత్తా, ఆనాటి ఆడవాళ్లందరూ వచ్చినా చోటు సరిపోతుంది. ఒక్కదాన్నే కూచుంటున్నాను.