నాలుగో జట్టు

తొంభైల నడుమ ఒక ఆగస్టు నెలలో, స్కూళ్లలో చాలా ఏళ్లు డ్రిల్ మాస్టారుగా చేశాక, నేను మెదక్ పట్నంలోని ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా చేరాను. ఆ హోదాను అందరూ పీడీ అంటారు. జీతం లెక్చరర్లతో సమానమే గానీ, స్టాఫ్‌రూంలో ఫ్యాను కింద కుర్చీ మాత్రం మాకు రాదు. చేరిన మరుసటి ఏడు మా జోన్ మహిళల ఖోఖో పోటీలు మా కాలేజీలోనే జరపాలని యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ప్రిన్సిపాల్ గారు వెంటనే పెయింటరును పిలిపించి, తన గదిలోని బోర్డు మీద మా కాలేజీ పేరు పక్కన 'ఛాంపియన్స్' అని రాయించారు. పోటీలకు ఇంకా మూడు వారాలున్నాయి. జరిపేది మనమైనప్పుడు గెలిచేది మాత్రం ఇంకెవరని ఆయన లెక్క.

ఎంట్రీలు మూడే వచ్చాయి. మాది ఒకటి, పక్క పట్నాలవి రెండు. చిక్కంతా అక్కడే ఉంది. కనీసం నాలుగు జట్లు మైదానంలోకి దిగి ఆడితేనే యూనివర్సిటీ దాన్ని ఛాంపియన్‌షిప్‌గా గుర్తిస్తుంది. తగ్గితే అది సెలక్షన్ ట్రయల్స్ కింద లెక్క. గెలిచినవారికీ ఒక కాగితం ఇస్తారు, కానీ వ్యాయామ విద్య కాలేజీలో సీటు అడిగినప్పుడు దానికి ఒక్క మార్కూ పడదు. గుర్తింపు ఉన్న పోటీ అయితే మొదటి స్థానానికి ఎక్కువ, రెండో స్థానానికి కొంచెం తక్కువ మార్కులు కలుపుతారు.

మా జట్టు కెప్టెన్ స్వరూపది టేక్మాల్. ఫైనలియర్. పోయినేడు జట్లు తక్కువపడి, అప్పటి కెప్టెన్‌కు వచ్చిన కాగితం సీట్ల దగ్గర చెల్లలేదని ఆమెకు తెలుసు. నా గదికి వచ్చి నిలబడింది.

"సార్, ఈసారి గూడ గసొంటి కాగితమే ఇస్తే నాకొద్దు. సీటు రాకుంటే మా అమ్మ పక్కన బీడీల చాట ముందట కూసునుడే. మీరెట్లన్న చేయుండ్రి."

ఎట్లన్న చేయమంది కాబట్టి ఎట్లాగో చేయడానికి బయలుదేరాను.

అప్పట్లో ప్రైవేటు కాలేజీలు ఎస్టీడీ బూత్‌లతో పోటీపడి పుట్టుకొస్తున్నాయి. బట్టల దుకాణం పైన, రెండో అంతస్తులో, ఒక కొత్త డిగ్రీ కాలేజీ ఉండేది. దానికి మైదానం లేదు, పీడీ లేడు. ఆటస్థలం ఏదని అడిగితే కరస్పాండెంటు గారు మేడ మీది నీళ్ల ట్యాంకు చూపించారు. కాలేజీ పేరు పేపర్లో పడుతుందని చెప్పగానే ఒప్పుకున్నారు. ఆడేందుకు బనీన్లు మా కాలేజీవే ఇస్తానన్నాను.

ఆడపిల్లల క్లాసులోకి వెళ్లి, గెలవాల్సిన అవసరం లేదు, ఆఖరి విజిలు దాకా మైదానంలో ఉంటే చాలు అని వివరంగా చెప్పాను. హవేలిఘనపూర్, కుల్చారం వైపు నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలు. మొదట లేచిన అమ్మాయి పేరు ఎస్తేరు.

"గెలిస్తే ఏమన్న తప్పా సార్?" అని అడిగింది.

నేను నవ్వి, తప్పేం లేదమ్మా అన్నాను. నా ఉద్యోగ జీవితంలో అంత తొందరపడి నవ్విన నవ్వు ఇంకోటి లేదు.

జట్టు వెంట మేనేజరుగా ఒక లెక్చరర్ రావాలన్నది మా అందరి నమ్మకం. ఆ కాలేజీలో ఉన్న నలుగురు లెక్చరర్లూ సాయంత్రం ట్యూషన్లు వదులుకోలేమన్నారు. చివరికి అటెండర్ మల్లేశాన్ని పంపారు. అర్హత పత్రంలో మల్లేశం పేరు పక్కన 'లెక్చరర్' అని నా చేత్తోనే రాశాను. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో విజిలు తగిలించుకుని వచ్చి, మేనేజర్ల మీటింగులో నాకంటే ముందు కుర్చీలో కూర్చున్నాడు.

ఖోఖోలో ఎనిమిది మంది వరుసగా మడమల మీద కూర్చుంటారు, తొమ్మిదో ఆమె తరుముతుంది. తాను అందుకోలేనప్పుడు కూర్చున్నామె వీపు తట్టి 'ఖో' అంటే, ఆమె లేచి తరమాలి. అంటే మోకాళ్లలో బలముండాలి, లేవడంలో ఆలస్యముండకూడదు. ఏటా నెలల తరబడి వంగి నాట్లేసిన పిల్లలకు ఆ బలం ఎవరూ నేర్పనక్కర్లేదని నాకు సెమీఫైనల్‌లో గానీ తెలియలేదు. వాళ్లు ఆ మ్యాచ్ గెలిచారు. బిత్తరపోయి, ఇంతకుముందు ఆడినవా అని ఎస్తేరును అడిగాను.

"మిషన్ హాస్టల్ల అయిదేండ్లు రోజూ ఆడిన సార్. వీళ్లకు గూడ నేనే నేర్పిన. మీరు అడగలే గద!"

ఫైనల్ మాకూ వాళ్లకూ పడింది. స్వరూప తన శక్తంతా పెట్టి ఆడింది. ఒక్క పాయింటు తేడాతో వాళ్లు గెలిచారు, అదీ మా బనీన్లలోనే. మా పిల్లలు ఏడుస్తుంటే మల్లేశం వచ్చి, మంచిగ ఆడిన్రు అని అందరికీ చేతులు కలిపి పోయాడు.

ప్రిన్సిపాల్ గారికి బోర్డు గుర్తొచ్చింది. మేనేజరు లెక్చరర్ కాడు కదా, ప్రొటెస్ట్ రాయమన్నారు. ఆట ముగిసిన అరగంటలోగా రాతపూర్వకంగా అభ్యంతరం ఇస్తే, నిజమని తేలితే ఆ జట్టును తొలగిస్తారు. సిగ్గు లేకుండా కలం తీశాను. నా అబద్ధం మీద నేనే ఫిర్యాదు రాస్తున్నానన్న సంగతి సగం పేజీ అయ్యాక గానీ తట్టలేదు. అప్పటికే స్వరూప నా భుజం వెనుక నిలబడి చదువుతోంది. కళ్లు తుడుచుకుంటూనే అంది.

"సార్, వాళ్లను తీసేస్తే మల్ల మూడు టీములే గద. గెలిచి ఏం జేస్త? చింపుండ్రి."

చింపాను. కానీ అప్పటికే యూనివర్సిటీ పరిశీలకుడు విజేత జట్టు పత్రాలు చూస్తూ, మల్లేశాన్ని మీది ఏ సబ్జెక్టని అడిగాడు.

"అన్ని సబ్జెక్టులకు నేనే సార్," అన్నాడు మల్లేశం. "గంట కొట్టేది."

పరిశీలకుడు నా వైపు చూశాడు. నిజం చెప్పేసి, వాళ్ల గెలుపు మాత్రం తీసేయొద్దని బతిమాలాను. ఓడిన జట్టు పీడీ, తన మీద గెలిచిన జట్టు గెలుపు నిలబెట్టమని బతిమాలడం తన సర్వీసులో చూడలేదన్నాడాయన. నిబంధనల పుస్తకం తెరిచాడు. అందులో ఉన్నది ఇంతే: జట్టు వెంట కాలేజీ ఉద్యోగి ఒకరుండాలి. లెక్చరరే అని ఎక్కడా లేదు. ఆ పుస్తకం ఏడాదిగా నా బల్ల మీదే ఉంది. నేను అవసరం లేని అబద్ధం రాశానన్నమాట. ఆయన నా చేత 'లెక్చరర్' కొట్టేయించి, 'అటెండర్' అని రాయించి, పక్కన సంతకం చేయించి, నాలుగు జట్ల ఛాంపియన్‌షిప్‌ను ధ్రువీకరించాడు. ఆ సంతకం పెట్టేటప్పుడు నా చెవులు కాలిపోయాయి.

బోర్డు మీద పెయింటరు 'ఛాంపియన్స్' చెరిపి 'రన్నర్స్' రాశాడు. పాత అక్షరాలు వానాకాలం చెమ్మకు మళ్లీ కనబడేవి. రెండో స్థానం సర్టిఫికెట్‌తోనే స్వరూపకు సీటు వచ్చింది. తరువాత ఆమె కూడా పీడీ అయింది.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్నప్పుడు, బంద్ వల్ల ఒక జట్టు రాలేక, ఆమె జరిపే పోటీల్లో మూడే మిగిలాయి. రిటైరై ఇంట్లో ఉన్న నాకు ఫోన్ చేసి, నాలుగో జట్టు ఎక్కడ దొరుకుతుందని అడిగింది. ముందు నిబంధనలు చదువు, తరువాత తెచ్చే జట్టు పిల్లలు ఇదివరకు ఆడారేమో అడుగు అని చెప్పాను. ఆ ఉదంతం నాకు నేర్పింది అంతే.

"చదివిన సార్," అంది స్వరూప. "ఆడిన్రా అని మాత్రం అడగ. ఆనాడు మీరడిగుంటే ఎస్తేరును తీస్కొచ్చెటోళ్లా?"

తీసుకొచ్చేవాణ్ని కాదన్నాను. నాకు సీటు ఇప్పించిన జట్టు అదే సార్ అని ఆమె ఫోన్ పెట్టేసింది.